పాత కంప్యూటర్ హార్డ్ డిస్క్‌ను కొత్త కంప్యూటర్‌కు తగిలించడం ఎలా? డేటా పోకుండా ఏం చూసుకోవాలి?

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. టీపీఎం 2.0 చిప్ లేని, ప్రాసెసర్ పాతదైపోయిన కంప్యూటర్లలో విండోస్ 11 అధికారికంగా ఎక్కదు. దాంతో ఇళ్లలో, దుకాణాల్లో, చిన్న ఆఫీసుల్లో ఏళ్ల తరబడి పనిచేసిన కంప్యూటర్లు మూలకు చేరుతున్నాయి.

కొత్త కంప్యూటర్ కొనడం ఒక పూటలో అయ్యే పని. పాతదానిలో ఉన్న పిల్లల ఫొటోలు, దుకాణం లెక్కలు, పొలం కాగితాల స్కాన్ కాపీలు, సగం రాసిన పుస్తకం మాత్రం బజారులో దొరకవు. వాటిని తెచ్చుకోవడానికి పాత కంప్యూటర్ పనిచేయాల్సిన అవసరం కూడా లేదు. కంప్యూటర్ ఆన్ కావడం లేదంటే చాలాసార్లు పోయింది ఎస్‌ఎంపీఎస్సో, మదర్‌బోర్డో అయి ఉంటుంది. హార్డ్ డిస్క్ నిక్షేపంగా ఉండవచ్చు. దాన్ని విప్పి కొత్త కంప్యూటర్‌కు తగిలిస్తే ఫైళ్లు కనిపిస్తాయి.

పని చిన్నదే. కానీ మధ్యలో తెరపై వచ్చే ఒక ప్రశ్నకు తొందరపడి ‘ఎస్’ అంటే ఉన్నది కూడా పోయే ప్రమాదం ఉంది. అందుకే ముందుగా తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

ముందు తేల్చుకోవాల్సింది: ఫైళ్లు కావాలా, పాత విండోస్ కావాలా?

పాత డిస్క్‌ను రెండు రకాలుగా వాడుకోవచ్చు. మొదటిది, కొత్త కంప్యూటర్ తన సొంత విండోస్‌తోనే నడుస్తుంది, పాత డిస్క్ రెండో డ్రైవ్‌గా కనిపిస్తుంది. అందులోంచి కావాల్సినవి కాపీ చేసుకుంటారు. రెండోది, పాత డిస్క్‌లోని విండోస్‌తోనే కొత్త కంప్యూటర్‌ను నడపడం.

ఎక్కువమందికి సరిపోయేది మొదటి పద్ధతే. రెండోదానిలో డ్రైవర్లు, లైసెన్సు, బూటింగ్ పద్ధతి అనే మూడు చిక్కులున్నాయి. వాటి సంగతి కింద చూద్దాం.

డిస్క్ ఏ రకమో గుర్తించడం

కంప్యూటర్ వయసును బట్టి డిస్క్ నాలుగు రకాల్లో ఒకటి అయి ఉంటుంది.

*ఐడీఈ డిస్క్:* దీన్నే పాటా అని కూడా అంటారు. 2000ల మధ్య వరకు వచ్చిన డెస్క్‌టాప్‌లలో ఉండేది ఇదే. వెనక రెండు వరుసల్లో పిన్నులు, వాటికి వెడల్పాటి రిబ్బన్ లాంటి కేబుల్, పక్కన నాలుగు లావు పిన్నుల పవర్ సాకెట్ ఉంటాయి. కొత్త మదర్‌బోర్డుల్లో దీనికి తగిన సాకెట్ లేదు. యూఎస్‌బీ కన్వర్టర్ ఒక్కటే సులువైన దారి. పాత ల్యాప్‌టాప్‌ల ఐడీఈ డిస్క్ చిన్నది. దాని పిన్నులు 44, అవీ సన్నగా ఉంటాయి. కన్వర్టర్ కొనేటప్పుడు ఈ తేడా చూసుకోవాలి.

*సాటా డిస్క్:* 2003 నుంచి మార్కెట్లోకి వచ్చింది. ఇంగ్లిష్ ‘ఎల్’ ఆకారంలో సన్నటి రెండు సాకెట్లు ఉంటాయి. చిన్నది డేటాకు, పెద్దది పవర్‌కు. డెస్క్‌టాప్‌లో వాడేది 3.5 అంగుళాలది, ల్యాప్‌టాప్‌లో వాడేది 2.5 అంగుళాలది. రెండింటి సాకెట్లూ ఒకటే. పాత సాటా డిస్క్ కొత్త సాటా పోర్టులో ఇబ్బంది లేకుండా పనిచేస్తుంది. వేగం మాత్రం పాతదే.

*ఎం.2 ఎస్‌ఎస్‌డీ:* చూయింగ్ గమ్ రేకులా పలచగా, పొడవుగా ఉండే కార్డు ఇది. బయటికి ఒకేలా కనిపించినా లోపల సాటా, ఎన్‌వీఎంఈ అని రెండు రకాలున్నాయి. ఒకదానికి చేసిన కేసింగ్‌లో రెండోది పనిచేయకపోవచ్చు. డ్రైవ్ పైనున్న లేబుల్ చదివి, దానికి తగిన కేసింగ్ తీసుకోవాలి. రెండింటికీ పనికొచ్చే కేసింగ్‌లు కూడా దొరుకుతున్నాయి.

*మదర్‌బోర్డుకు అతికించిన స్టోరేజ్:* కొన్ని పలచటి ల్యాప్‌టాప్‌లలో స్టోరేజ్ చిప్‌లను బోర్డుకే సోల్డర్ చేస్తారు. విప్పడానికి డిస్క్ అంటూ ఉండదు. యాపిల్ టీ2 చిప్ ఉన్న మ్యాక్‌లలో, ఆ తర్వాత వచ్చిన ఎం సిరీస్ మ్యాక్‌లలో డేటా ఆ యంత్రపు చిప్‌తో ముడిపడి ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. దాన్ని మరో కంప్యూటర్‌లో చదవలేరు. ఇలాంటివాటికి యంత్రం పనిచేస్తున్నప్పుడు తీసుకున్న బ్యాకప్ ఒక్కటే రక్ష.

విప్పడానికి ముందు

పాత కంప్యూటర్ ఇంకా ఆన్ అవుతుంటే మూడు పనులు చేయాలి.

ఒకటి, డ్రైవ్ ఎన్‌క్రిప్ట్ అయి ఉందేమో చూడాలి. సెట్టింగ్స్‌లో బిట్‌లాకర్ లేదా డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీ ఉంటుంది. దాన్ని కాగితంపై రాసుకోవాలి, లేదా ఎన్‌క్రిప్షన్‌ను పూర్తిగా ఆఫ్ చేసి, డీక్రిప్షన్ ముగిసేదాకా ఆగాలి.

రెండు, కంప్యూటర్‌ను పూర్తిగా షట్‌డౌన్ చేయాలి. విండోస్ 8 నుంచి ఉన్న ‘ఫాస్ట్ స్టార్టప్’ వల్ల మామూలు షట్‌డౌన్ సగం నిద్రలాంటిదే. షిఫ్ట్ కీ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ క్లిక్ చేస్తే పూర్తిగా ఆగుతుంది. హైబర్నేషన్‌లో ఉన్న డిస్క్‌ను వేరే కంప్యూటర్‌కు తగిలించి మార్పులు చేస్తే ఫైళ్ల పట్టిక దెబ్బతినవచ్చు.

మూడు, కంప్యూటర్‌లో ఉన్న ముఖ్యమైన సాఫ్ట్‌వేర్ల పేర్లు, లైసెన్సు నంబర్లు రాసుకోవాలి. సాఫ్ట్‌వేర్ ఫోల్డర్‌ను కాపీ చేసినంత మాత్రాన కొత్త కంప్యూటర్‌లో అది పనిచేయదు. మళ్లీ ఇన్‌స్టాల్ చేయాల్సిందే.

తర్వాత ప్లగ్ పీకేయాలి. ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ కూడా తీయాలి. డిస్క్‌ను పట్టుకునే ముందు కేబినెట్ ఇనుప భాగాన్ని ఒకసారి తాకితే ఒంట్లోని స్థిర విద్యుత్తు పోతుంది. ఎండాకాలంలో, ఏసీ గదుల్లో గాలి పొడిగా ఉన్నప్పుడు ఈ జాగ్రత్త మరీ అవసరం. డిస్క్‌ను అంచులు పట్టుకుని తీయాలి. కింది వైపు ఉన్న సర్క్యూట్ బోర్డును ముట్టుకోకూడదు.

యూఎస్‌బీ ద్వారా తగిలించడం

కొత్తది ల్యాప్‌టాప్ అయితే ఇదే దారి. డెస్క్‌టాప్ ఉన్నవారికీ ఒకసారి కాపీ చేసుకోవడం వరకే పని అయితే ఇదే మేలు. సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, చెన్నై రిచీ స్ట్రీట్, బెంగళూరు ఎస్‌పీ రోడ్, ఢిల్లీ నెహ్రూ ప్లేస్ లాంటి కంప్యూటర్ బజార్లలో, ఆన్‌లైన్‌లో ఈ కన్వర్టర్లు, కేసింగ్‌లు దొరుకుతాయి.

కొనేటప్పుడు చూడాల్సింది పవర్ సంగతి. 2.5 అంగుళాల డిస్క్‌కు 5 వోల్టులు చాలు. అది యూఎస్‌బీ పోర్టు నుంచే అందుతుంది. 3.5 అంగుళాల డిస్క్‌కు 12 వోల్టులు కూడా కావాలి. కాబట్టి విడిగా పవర్ అడాప్టర్ ఉన్న కన్వర్టరే తీసుకోవాలి. అది లేకపోతే డిస్క్ తిరగదు. డిస్క్ పాడైపోయిందని చాలామంది పొరబడేది ఇక్కడే.

కన్వర్టర్ యూఎస్‌బీ 3.0 రకమైతే సమయం కలిసొస్తుంది. యూఎస్‌బీ 2.0లో సెకనుకు 30 మెగాబైట్ల చొప్పున కాపీ అయితే 500 జీబీకి నాలుగున్నర గంటలు దాటుతుంది. యూఎస్‌బీ 3.0లో సెకనుకు 100 మెగాబైట్లు వస్తే అదే పని గంటన్నర లోపు అవుతుంది. వేల సంఖ్యలో చిన్న ఫైళ్లుంటే ఇంకా ఆలస్యమవుతుంది. అంతసేపు కరెంటు పోకుండా యూపీఎస్ గానీ, ఇన్వర్టర్ గానీ ఉండాలి.

డెస్క్‌టాప్ లోపల అమర్చడం

సాటా డిస్క్‌ను శాశ్వతంగా వాడుకోవాలంటే కేబినెట్‌లోనే బిగించవచ్చు. డేటా కేబుల్‌ను మదర్‌బోర్డులోని ఖాళీ సాటా పోర్టుకు, పవర్ కేబుల్‌ను ఎస్‌ఎంపీఎస్ నుంచి తగిలించాలి. డిస్క్‌ను నాలుగు వైపులా స్క్రూలతో కదలకుండా బిగించాలి. పొడవాటి స్క్రూ వేస్తే లోపలి భాగానికి తగిలే ప్రమాదం ఉంది. డిస్క్‌తో వచ్చిన స్క్రూలే వాడటం మంచిది.

ఇక్కడ రెండు హెచ్చరికలు. ఎస్‌ఎంపీఎస్‌కు విడిగా ఊడొచ్చే కేబుళ్లు ఉంటే, ఆ ఎస్‌ఎంపీఎస్‌తో వచ్చినవే వాడాలి. వేరే కంపెనీది, ఒక్కోసారి అదే కంపెనీ వేరే మోడల్‌ది కూడా సాకెట్‌లో సరిగ్గా కూర్చుంటుంది. కానీ లోపలి వైర్ల వరుస వేరుగా ఉంటే స్విచ్ వేసిన క్షణంలో డిస్క్ కాలిపోతుంది. రెండోది, కొన్ని మదర్‌బోర్డుల్లో ఎం.2 స్లాట్ వాడుతున్నప్పుడు ఒకటి రెండు సాటా పోర్టులు ఆగిపోతాయి. డిస్క్ కనిపించకపోతే వేరే పోర్టుకు మార్చి చూడాలి.

తెరపై కనిపించేవి, నొక్కకూడనివి

అంతా సవ్యంగా ఉంటే ‘దిస్ పీసీ’లో కొత్త డ్రైవ్ అక్షరాలు కనిపిస్తాయి. పాత సీ డ్రైవ్ ఇప్పుడు ఈ గానీ, ఎఫ్ గానీ అవుతుంది. కనిపించకపోతే డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి చూడాలి. అక్కడ డిస్క్ ఉండి, అక్షరం మాత్రమే లేకపోతే రైట్ క్లిక్ చేసి అక్షరం కేటాయిస్తే చాలు.

‘డిస్క్‌ను ఫార్మాట్ చేయాలి’, ‘డిస్క్‌ను ఇనీషియలైజ్ చేయాలి’ అని విండోస్ అడిగితే ఒప్పుకోకూడదు. క్యాన్సిల్ చేయాలి. ఆ డిస్క్‌ను విండోస్ చదవలేకపోతోందని మాత్రమే దాని అర్థం, డిస్క్ ఖాళీగా ఉందని కాదు. అది లినక్స్ డిస్కో, మ్యాక్ డిస్కో అయి ఉండవచ్చు. వాటి ఫైల్ సిస్టమ్‌లను విండోస్ నేరుగా చదవదు. లేదా పార్టిషన్ పట్టిక దెబ్బతిని ఉండవచ్చు. ఒప్పుకుంటే దొరికేది కూడా దొరకడం కష్టమవుతుంది.

డ్రైవ్‌పై తాళం గుర్తు ఉంటే అది బిట్‌లాకర్. రికవరీ కీ ఇస్తే తెరుచుకుంటుంది. ఆ పాత కంప్యూటర్‌లో వాడిన మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి లాగిన్ అయితే చాలాసార్లు కీ అక్కడే భద్రంగా ఉంటుంది. ఆఫీసు కంప్యూటర్ అయితే ఐటీ విభాగం దగ్గర ఉండవచ్చు. కీ ఎక్కడా లేకపోతే డేటా తిరిగి రాదు. తెరిచిపెడతామని డబ్బులడిగేవారిని నమ్మకూడదు.

తాళం లేకపోయినా ఫోల్డర్ తెరిచేటప్పుడు ‘మీకు అనుమతి లేదు’ అని రావచ్చు. పాత విండోస్‌లోని యూజర్, కొత్త విండోస్‌లోని యూజర్ పేరు ఒకటే అయినా కంప్యూటర్ దృష్టిలో ఇద్దరూ వేరు. అడ్మినిస్ట్రేటర్ అకౌంట్‌లో ఉండి ‘కంటిన్యూ’ నొక్కితే సాధారణంగా అనుమతి వస్తుంది. ఇదే మరో నిజాన్నీ చెబుతోంది. ఎన్‌క్రిప్షన్ లేని డిస్క్ ఎవరి చేతికి చిక్కినా విండోస్ పాస్‌వర్డ్ దాన్ని కాపాడదు.

ఏవి ఎక్కడ దాగి ఉంటాయి?

విండోస్ విస్టా, ఆ తర్వాతివాటిలో ‘యూజర్స్’ ఫోల్డర్ లోపల ప్రతి వ్యక్తి పేరుతో డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్, డౌన్‌లోడ్స్ ఉంటాయి. ఎక్స్‌పీలో దీని పేరు ‘డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్’. కానీ అన్నీ అక్కడే ఉండవు.

*లెక్కలు:* ట్యాలీ ఈఆర్‌పీ 9 డేటా మామూలుగా ట్యాలీ ఫోల్డర్‌లోని ‘డేటా’ అనే ఉప ఫోల్డర్‌లో అంకెల పేర్లతో ఉంటుంది. ఒక్కో కంపెనీకి ఒక్కో ఫోల్డర్. వ్యాపారులు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. జీఎస్‌టీ చట్టం 36వ సెక్షన్ ప్రకారం లెక్కలను ఆ సంవత్సరపు వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలల పాటు భద్రపరచాలి. కంప్యూటర్ పాడైందన్న కారణంతో ఆ బాధ్యత పోదు.

*మెయిల్:* ఔట్‌లుక్ వాడినవారి పాత మెయిళ్లు పీఎస్‌టీ అనే ఎక్స్‌టెన్షన్ ఉన్న ఫైళ్లలో ఉంటాయి. డ్రైవ్ మొత్తంలో ఆ పేరుతో వెతికి తీసుకోవాలి.

*తెలుగు ఫైళ్లు:* డీటీపీ సెంటర్లు, పత్రికలు, రచయితలు ఏళ్ల తరబడి అను ఫాంట్లలో టైపు చేశారు. వీటిలో తెలుగు అక్షరం యూనికోడ్‌లో ఉండదు. ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తుల స్థానాల్లో తెలుగు ముక్కల బొమ్మలు ఉంటాయి. ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే పేజీ నిండా పిచ్చి గుర్తులే కనిపిస్తాయి. ఫైలు పాడైందనుకుని తీసేయకూడదు. పాత డిస్క్‌లో విండోస్ ఫోల్డర్ లోపలి ‘ఫాంట్స్’ ఫోల్డర్‌ను కూడా కాపీ చేసుకుంటే ఆ అక్షరాలు మళ్లీ చదవగలిగేలా వస్తాయి. తర్వాత కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులు, గుణింతాలు తప్పుల్లేకుండా ఉన్నాయో లేదో ఒకసారి చదివి చూసుకోవాలి. యూనికోడ్ మొదటి వెర్షన్‌లో 1991 నుంచే తెలుగు ఉంది. గౌతమి ఫాంటుతో టైపు చేసిన యూనికోడ్ ఫైళ్లకు ఈ ఇబ్బంది లేదు.

పేజ్‌మేకర్ ఫైళ్ల సంగతి మరింత చిక్కు. ఆ సాఫ్ట్‌వేర్ చివరి వెర్షన్ 7.0. ఇప్పటి ఇన్‌డిజైన్ ఆ ఫైళ్లను నేరుగా తెరవదు. పాత కంప్యూటర్ నడుస్తుండగానే వాటిని పీడీఎఫ్‌లుగా మార్చిపెట్టుకుంటే పుస్తకం రూపమైనా దక్కుతుంది.

పాత విండోస్‌తోనే కొత్త కంప్యూటర్ నడుస్తుందా?

విండోస్ 10, 11 అయితే నడిచే అవకాశం ఉంది. కొత్త మదర్‌బోర్డును గుర్తించి అవి తమకు కావాల్సిన డ్రైవర్లను చాలావరకు సర్దుకుంటాయి. ఎక్స్‌పీ అయితే నీలి తెరతో ఆగిపోవడమే మామూలు.

రెండో అడ్డంకి బూటింగ్. పాత కంప్యూటర్లు బయోస్ పద్ధతిలో, ఎంబీఆర్ పార్టిషన్ పట్టికతో నడిచేవి. కొత్తవి యూఈఎఫ్ఐ పద్ధతిలో, జీపీటీ పట్టికతో నడుస్తాయి. కొత్త యంత్రాల్లో చాలావాటిలో పాత పద్ధతికి మారే అవకాశమే లేదు. విండోస్ 10లో 1703 వెర్షన్ నుంచి ఉన్న ‘ఎంబీఆర్2జీపీటీ’ అనే సాధనం ఫైళ్లను చెరపకుండా పట్టికను మారుస్తుంది. అయినా బ్యాకప్ లేకుండా దాన్ని ముట్టుకోకూడదు.

మూడోది లైసెన్సు. కంప్యూటర్‌తో పాటు వచ్చిన ఓఈఎం విండోస్ ఆ యంత్రానికే పరిమితం. విడిగా కొన్న రిటైల్ లైసెన్సును మాత్రమే కొత్తదానికి మార్చుకోవచ్చు.

విండోస్ ఎక్కినా పాత హార్డ్ డిస్క్‌తో నడిపితే కొత్త కంప్యూటర్ కూడా పాతదానిలాగే నెమ్మదిగా ఉంటుంది. అందుకే విండోస్‌ను కొత్త ఎస్‌ఎస్‌డీలోనే ఉంచి, పాత డిస్క్ నుంచి ఫైళ్లు మాత్రం తెచ్చుకోవడం తెలివైన పని.

డిస్క్ ఆరోగ్యం బాగోలేకపోతే

తగిలించగానే ‘టిక్ టిక్’మని ఒకే తీరున చప్పుడు వస్తున్నా, డిస్క్ తిరిగి ఆగిపోతున్నా వెంటనే పవర్ తీసేయాలి. హెడ్ దెబ్బతిని ఉంటే అది తిరిగిన ప్రతి నిమిషం డేటా ఉన్న పళ్లాన్ని గీకుతుంది.

చప్పుడు లేకపోయినా కాపీ మధ్యలో ఆగుతుంటే ‘క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో’ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో స్మార్ట్ వివరాలు చూడాలి. రీఅలొకేటెడ్ సెక్టార్లు, పెండింగ్ సెక్టార్ల అంకెలు పెరుగుతుంటే డిస్క్ చివరి దశలో ఉన్నట్టు. అప్పుడు అత్యంత ముఖ్యమైన ఫోల్డర్లను ముందు కాపీ చేసుకోవాలి. ‘చెక్‌డిస్క్’ నడపకూడదు. ఆరోగ్యంగా ఉన్న డిస్క్‌కు మందులా పనిచేసేది, చావుబతుకుల్లో ఉన్న డిస్క్‌పై అదనపు బరువు అవుతుంది. లినక్స్ తెలిసినవారు ‘డీడీరెస్క్యూ’తో ముందు డిస్క్ మొత్తానికి నకలు తీసి, ఆ నకలుపై ప్రయత్నాలు చేయవచ్చు.

డిస్క్‌ను ఫ్రిజ్‌లో పెడితే పనిచేస్తుందన్న మాట నమ్మదగింది కాదు. బయటికి తీయగానే లోపల తేమ పడుతుంది. మూత విప్పడమూ అంతే. హెడ్‌కు, పళ్లానికి మధ్య ఖాళీ నానోమీటర్లలో ఉంటుంది. మామూలు గదిలోని ధూళి రేణువు దాని ముందు బండరాయి. మరో డిస్క్ నుంచి సర్క్యూట్ బోర్డు తెచ్చి బిగించినా కొత్త తరం డిస్క్‌లు సాధారణంగా పనిచేయవు. ఆ డిస్క్‌కే ప్రత్యేకమైన కొలతలు పాత బోర్డులోని చిప్‌లో ఉంటాయి. డేటా నిజంగా విలువైనదైతే సొంత ప్రయోగాలు మానేసి క్లీన్‌రూమ్ ఉన్న రికవరీ సంస్థకు ఇవ్వాలి.

కాపీ అయ్యాక

పాత డిస్క్‌ను వెంటనే ఫార్మాట్ చేయకూడదు. ఫొటోలు, వీడియోలు, లెక్కల ఫైళ్లు కొన్నింటిని తెరిచి చూసుకోవాలి. పేరు కనిపించినంత మాత్రాన ఫైలు తెరుచుకుంటుందన్న హామీ లేదు. ముఖ్యమైనవాటికి మూడు కాపీలు ఉండాలి, అవి కనీసం రెండు రకాల స్టోరేజ్‌లో ఉండాలి, ఒకటి ఇంటి బయటో, క్లౌడ్‌లోనో ఉండాలన్నది బ్యాకప్‌లో పాత సూత్రం. పాత డిస్క్‌ను అందులో ఒక కాపీగా కొంతకాలం బీరువాలో దాచవచ్చు. అదే ఏకైక కాపీ కాకూడదు. ఎస్‌ఎస్‌డీ అయితే ఏళ్ల తరబడి పవర్ ఇవ్వకుండా వదిలేయకూడదు. అందులోని డేటా మెల్లగా చెరిగిపోయే అవకాశం ఉంది.

అమ్మేసేటప్పుడు, పాత సామాన్లవారికి ఇచ్చేటప్పుడు ‘డిలీట్’ గానీ, ‘క్విక్ ఫార్మాట్’ గానీ చాలదు. ఫైళ్ల జాబితా పోతుంది కానీ ఫైళ్లు అలాగే ఉంటాయి. ఆధార్, పాన్, బ్యాంకు కాగితాల స్కాన్‌లు అలా చేతులు మారతాయి. విస్టా తర్వాతి విండోస్‌లలో క్విక్ అన్న టిక్ తీసేసి చేసే పూర్తి ఫార్మాట్ డిస్క్ అంతటా సున్నాలు రాస్తుంది. ఎస్‌ఎస్‌డీకి తయారీదారు ఇచ్చే సెక్యూర్ ఎరేజ్ వాడాలి. పనిచేయని డిస్క్ అయితే పళ్లాలు వంగేలా డ్రిల్లింగ్ చేయించి, 2022 ఈ-వేస్ట్ నిబంధనల కింద నమోదైన రీసైక్లర్‌కు ఇవ్వాలి. ఫైళ్లన్నీ తెరిచి చూసుకున్న తర్వాతే ఆ పనికి పూనుకోవాలి.